గొఱ్ఱెపిల్ల తోలు, విశ్వశిల్పి పేరు

గత చాతుర్మాస్యములో ఒకనాడు, ప్రొద్దు గ్రుంకక ముందే భోజనములు ముగించి ఇంటి ముందర కూర్చుండియుండగా, మా తమ్ముని కుమారుడు ఒక అచ్చుకాగితము చేత పట్టుకొని వచ్చెను. వాడు ఇక్కడ చెన్నపట్టణములోనే విద్యుత్ సామానుల దుకాణము నడుపుచున్నాడు. చాల యేండ్ల నుండి వాని కొట్టునకు వచ్చుచున్న పెద్దమనిషి యొకరు వానిని ఫ్రీమేసనుల లాడ్జీలో చేరుమని కోరిరట. ఆయన మంచివారు, ఆసుపత్రులకును బడులకును చేయి విప్పి ఇచ్చువారు. మావానికి చేరవలెననియే ఉన్నది. కాని దరఖాస్తులో ఒక ప్రశ్న వద్ద కలము ఆగిపోయినది. సర్వోన్నతమైన దైవమునందు నీకు విశ్వాసము కలదా అని ఆ ప్రశ్న.

"పెదనాన్నగారూ, ఔనని వ్రాసిన అబద్ధమాడినట్లగునా? కాదని వ్రాసిన నాస్తికులలో చేరిపోదునా?" అని అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. కాగితము నా వద్దనే ఉంచుకొని, నాలుగు దినములు గడువిమ్మంటిని.

చదువరులలో కొందరికి మేసనులనిన ఏమో తెలియకపోవచ్చును. లాడ్జీ అనగా రైలుస్టేషను ఎదుట బసచేయు లాడ్జీ కాదు. మేసను అనగా తాపీపనివాడు. మధ్యయుగములలో ఇంగ్లండు, స్కాట్లండు దేశములందు పెద్ద కట్టడములు కట్టు పనివారు పని జరుగుచోట ఒక పాక వేసికొని, అందు పనిముట్లు దాచుకొనుచు, కొలతలు మాట్లాడుకొనుచు, మధ్యాహ్నము కొంచెము నడుము వాల్చుచు ఉండెడివారు. ఆ పాకయే లాడ్జీ. వారి నియమములను పద్యరూపమున చెప్పు వ్రాతప్రతి మధ్యయుగముల నాటిది ఒకటి నేటికిని లండనులో భద్రముగా నున్నది. ఎడింబరోలోని ఒక లాడ్జీ వారి సమావేశపు పుస్తకములు 1599 నుండి దొరకుచున్నవి. తరువాత తాపీ పట్టని పెద్దమనుష్యులును ఈ పాకలలో చేరసాగిరి. 1646లో ఎలియాస్ ఆష్మోల్ అను పండితుడు తాను చేరిన సంగతి దినచర్యలో వ్రాసికొనెను. 1717 జూన్ 24వ తేదీన లండనులోని నాలుగు లాడ్జీలు ఒక పానశాలలో కూడి మహాలాడ్జీగా ఏర్పడినవని వారి సంప్రదాయము. అది 1721లోగాని జరుగలేదని ఇటీవలి చరిత్రకారులు కొందరు వాదించుచున్నారు. ఏదైనను మూడువందల యేండ్ల మాట. సొలొమోను దేవాలయము నాటినుండి తాము కలమని వారి పూజాకాండలో చెప్పుకొనునది పురాణమే గాని చరిత్ర కాదు. ప్రతి కులమునకును తన పుట్టుకను ఏదో ఒక ఋషికి ముడివేసికొను ముచ్చట ఉండును గదా!

ఆ పురాణములో హీరాము అను శిల్పి కలడు. గురుశబ్దమును చెప్పుమని ముగ్గురు పనివారు బెదిరింపగా, చెప్పక ప్రాణము విడిచెనట. బైబిలులో తూరు పట్టణపు హీరాము కంచుపనివాడు. ఆయనను చంపిన కథ అందు లేదు. ఆ కథను 1730లో శామ్యూల్ ప్రిచర్డ్ అనునతడు లాడ్జీ రహస్యములతో కూడ అచ్చువేసి లండను వీధులలో అమ్మించెను. కనుక రహస్యము రహస్యముగా ఉండక మూడు శతాబ్దులు కావచ్చినది. నేడు మేసను కాపాడుచున్నది రహస్యమును కాదు, కాపాడుదునని తానిచ్చిన మాటను. నాకు ఇది చిన్న విషయముగా తోచలేదు.

సామాన్యజనము మాత్రము ఆ మూసిన తలుపులను చూచి భయపడిరి. ఉత్తరాదిని లాడ్జీ భవనమును జాదూఘర్ అనెడివారు. హైదరాబాదులో కుతుబ్‌షాహీల నాటి గోషామహల్ బారాదరి 19వ శతాబ్దిలో మేసనుల చేతికి వచ్చినది; దానిని గూర్చియు దయ్యపు కథలకు తక్కువలేదు. లోపల జరుగునది తెలిసినవారికి నవ్వు వచ్చును. కొందరు గృహస్థులు నడుమునకు తోలు కట్టుకొని, మూలమట్టమును, కంపాసును ముందుంచుకొని, కంఠస్థము చేసిన సంభాషణలు ఒప్పజెప్పుకొందురు.

ఆ గుర్తులు నిజముగా అందమైనవి. మన తాపీమేస్త్రీ సంచిలోని పనిముట్లే అవి. మూలమట్టము నడవడి నిటారుగా ఉండవలెనని చెప్పును. కంపాసు కోరికలకు గిరిగీయుమని చెప్పును. రసమట్టము రాజును కూలివానిని ఒక మట్టమున నిలుపును. దారమునకు వేలాడు గుండు ఎవరి మొగమును చూడక నేలకు నిట్టనిలువుగా దిగును. తాపీ ప్రేమ అను సున్నమును పూయును. ఉలి తగులని మొరటురాయి ఒకటి, నునుపుగా చెక్కినది ఒకటి లాడ్జీలో ఉంచుదురు. మొదటిది చేరబోవువాడు, రెండవది వాడు కావలసినది. కషాయములను ఒక్కొక్కటిగా చెక్కి పారవేసిన జీవుడే నిర్మలుడగునని వినుచు పెరిగిన మనకు ఈ రాళ్ళభాష అర్థము గాకపోదు. మావాడు ఆకర్షింపబడినది వీనికే.

ఇక తోలు సంగతి. మొదటి మెట్టున చేరిన నాడే క్రొత్తవాని నడుమునకు తెల్లని గొఱ్ఱెపిల్ల తోలు కట్టుదురు. అది నిష్కళంకతకు గుర్తు అందురు. గొఱ్ఱెపిల్ల ఎవరికిని అపకారము చేయలేదు గనుక దాని తోలు నిరపరాధమునకు చిహ్నమైనది; ఆ నిరపరాధిని కోసినగాని ఆ చిహ్నము దొరకదు. ఈ మాట వ్రాయుచుండగా నాకు కోపము వచ్చిన మాట నిజము. కాని వారి పూర్వులు రాతిపెచ్చులు తగులకుండ తోలు కట్టుకొన్న కూలివారు. వారు హింసాహింసలను తర్కించి దానిని ఎన్నుకొనలేదు. మనము వేలెత్తి చూపుటకు ముందు మన ఇండ్ల పెట్టెలు తెరవవలెను. పెండ్లికూతురికి కట్టు పట్టుచీరలో ఎన్ని పురుగులు ఉడికినవో లెక్క వేసినవారెవరు? పట్టుబట్టతో పూజకు కూర్చుండి గొఱ్ఱెతోలును నిందించుట నాకు చేతగాలేదు. పైగా కృత్రిమ తోలుతో చేసినవి నేడు అంగళ్ళలో దొరకుచున్నవి. అందుచేత ఈ చిక్కునకు డబ్బుతో కొనదగిన విరుగుడు కలదు. కార్యక్రమము ముగిసిన తరువాత రాత్రి విందు, మద్యపాత్ర లెత్తి శుభము పలుకుట అను ఆచారములు కలవు. రాత్రిభోజనము మానినవాడు అప్పటికి లేచి ఇంటికి పోవచ్చును. మావాడు నిమ్మరసము పాత్ర ఎత్తెదనని చెప్పి నన్ను నవ్వించెను.

విరుగుడు దొరకనిది ఆ ప్రశ్నయే. 1723లో జేమ్స్ ఆండర్సన్ అను ప్రెస్బిటేరియన్ మతబోధకుడు లాడ్జీలకు నియమావళి కూర్చెను. ఆ కాలపు ఐరోపా మతము పేర మనుష్యులను చంపుకొని అలసియుండెను. మనుష్యులందరును అంగీకరించు మతమొక్కటి చాలును, మిగిలిన అభిప్రాయములు ఎవరివి వారివే అని ఆయన విధించుట సామాన్యమైన ధైర్యము కాదు. కాని నాస్తికుని ఆయన వాకిట నిలిపివేసెను. నాడు చేర్చుకొనకూడని వారిలో స్త్రీలును, బానిసలును కూడ ఉండిరి. నేటికిని ఇంగ్లండు సంప్రదాయపు లాడ్జీలో చేరవలెననిన సర్వోన్నత దైవమునందు విశ్వాసము చెప్పవలెను. ఆ దైవమును వారు విశ్వశిల్పి అని పిలుతురు. లోకమను భవనమును గీతగీసి కట్టినవాడని ఆ పేరు వినగానే మనసునకు తోచును.

మనమేమో లోకమునకు కర్త లేడందుము. అది అనాది. జినసేనాచార్యులవారు ఆదిపురాణములో సృష్టికర్తను గూర్చిన వాదమునే ఖండించిరి. మనకు పరమాత్మ కలడు. కాని కట్టినవాడు కాడు, బంధములు విప్పుకొన్నవాడు. సర్వోన్నతుడు కలడా అనిన ఔనందుము. శిల్పి కలడా అనిన కాదందుము. ఒకే దరఖాస్తులో రెండు జవాబులు ఎట్లు వ్రాయుట?

ఈ ప్రశ్నయే ఒకప్పుడు తలుపులు మూయుటకు పనికివచ్చినది. బొంబాయిలో మాణెక్‌జీ కర్సెట్‌జీ అను పార్సీ పెద్దను ఐరోపావారి లాడ్జీ కాదన్నది. ఆయన పారిసునకు పోయి మేసనయి వచ్చెను. 1843లో జేమ్స్ బర్న్స్ అను స్కాట్లండు వైద్యుడు భారతీయుల కొరకై బొంబాయిలో ప్రత్యేకముగా లాడ్జీ నెలకొల్పెను. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తునకు ఏండ్ల తరబడి అడ్డు తగిలిరి. అనేక దేవతలను కొలుచు హిందువు ఒక్క దైవమును నమ్మెదనని చేసిన ప్రమాణము చెల్లునా అని వారి శంక. 1872లో గాని ఆయనకు ప్రవేశము దొరకలేదు. తరువాత పండ్రెండేండ్లకు అదే నగరములో నరేంద్రనాథ దత్తు అను యువకుడు చేరెను, ఆయనయే వివేకానందస్వామి. అమెరికాలో ఇంకను ఘోరము. 1775లో బోస్టనులో ప్రిన్స్ హాల్ అను నీగ్రో పెద్ద మరి పదునలుగురితో కూడ ఒక సైనిక లాడ్జీలో మేసనయ్యెను. ఆయన పరంపరలోని మసాచుసెట్సు మహాలాడ్జీని ఇంగ్లండువారు తమవారిగా గుర్తించినది 1994లో. రసమట్టమును చేత పట్టుకొని రెండువందల పందొమ్మిది సంవత్సరములు!

భారతదేశమునకు ప్రత్యేక మహాలాడ్జీ 1961 నవంబరు 24న ఢిల్లీలో ఏర్పడినది. రాంపూరు నవాబు మొదటి అధ్యక్షుడు. దాని చిహ్నములో ఐదు మతగ్రంథములు చేర్చిరి. ఇది మెచ్చదగినది. ఆ ఐదింటిలో మన ఆగమము లేదని నేను ఫిర్యాదు చేయుట లేదు. ఎవరి గ్రంథము మీద వారు ప్రమాణము చేయవచ్చునని వారి మర్యాద. కాని నాడు దత్తుగారిని ఎక్కువగా అడిగి బాధించినవారు నేడు ఎవరినీ ఏమియు అడుగుట లేదు. ఒక్క మాట పలికిన చాలును; దాని కింద ఎవరి అర్థము వారు పెట్టుకొందురు.

ఫ్రాన్సులో వేరొక దారి తొక్కిరి. 1877లో అచటి మహాలాడ్జీ దైవవిశ్వాసపు నిబంధనను తొలగించెను. అందుకు వాదించినది నాస్తికుడు కాదు, ఫ్రెడెరిక్ డెమోన్ అను ప్రొటెస్టంటు పాదిరి. తాను నమ్మునట్టి దైవమును గూర్చి ఇతరుని చేత బలవంతముగా ఔననిపించుట ఆయనకు ఇష్టము లేకపోయినది. ఇంగ్లండువారు వెంటనే సంబంధము తెంచుకొనిరి. ఆ చీలిక నేటికిని మానలేదు. నాకు ఆ పాదిరి మీద గౌరవము కలిగినది.

మా మిత్రులొకరితో ఈ సంగతి ముచ్చటింపగా, "మీరు స్యాద్వాదులు గదా! శిల్పి యనుట ఒక దృష్టి, సిద్ధుడనుట ఒక దృష్టి. అందరితో కలిసి ఔనన్న మీ సొమ్మేమి పోయినది?" అనిరి. చక్కగా అడిగిరి. నేను చెప్పిన జవాబిది. స్యాద్వాదము ఒక మాటలో రెండు అర్థములు దాచుకొమ్మని చెప్పలేదు. ఏ దృష్టితో పలుకుచున్నావో ఆ దృష్టిని కూడ కలిపి పలుకుమన్నది. స్యాత్ అను మాట నోటితో అనవలసినది, మనసులో మింగవలసినది కాదు. పదిమంది పది అర్థములు దాచుకొని ఒక్క మాట అనిన అది అనేకాంతము కాదు, మౌనము.

ఆయన ఒప్పుకొనలేదు. "వీధిలో నమస్కారమనినప్పుడు అందరు ఒకే అర్థముతో అనుచున్నారా?" అనిరి. లేదు. కాని నమస్కారము పెట్టి మరచిపోదుము. ప్రమాణము చేసినవాడు దానితో కాపురము చేయవలెను. ఆ ప్రమాణమునకు వెనుకటి దినములలో గొంతు కోయుదుమను శిక్షలు కూడ జోడించి పలికెడివారు. ఇంగ్లండు మహాలాడ్జీ 1986లో వానిని ప్రమాణమునుండి తీసివేసినది. పలుకుటకే గాని జరుపుటకు కాదని వారు మొదటినుండి చెప్పుచునే ఉండిరి. జరుపనిదానిని ఏల పలుకుట అని ఎవరికో తోచి యుండును. ఇంకొక చిక్కు. ఆ ప్రమాణపు మాటలు ముందుగా చూపరు. నీ మతమునకును నీతికిని అందు భంగము లేదని హామీ ఇచ్చి, తరువాత పలికింతురు. తెలియక పట్టిన ప్రత్యాఖ్యానము మంచి ప్రత్యాఖ్యానము కాదని మన పెద్దలు చెప్పుదురు. అయినను హామీ ఇచ్చిన మనిషి ఇరువది యేండ్లుగా ఎరిగినవాడైనప్పుడు, ఆయనను నమ్ముట పాపమని నేను అనలేను. ఇక్కడ నా మనసు ఇంకను రెండు విధముల పోవుచున్నది.

నాలుగు దినముల తరువాత మావాడు వచ్చెను. చేరవద్దని నేను చెప్పలేదు. మనవారు కొందరు లాడ్జీలలో ఉన్నారు; వారు అసత్యవాదులని అనుటకు నేనెవడను? "ఔనని వ్రాయుము. దానికి జతగా వేరొక కాగితము మీద నీ అర్థము కూడ వ్రాయుము. దానిని చదివి కూడ వారు రమ్మనిన పొమ్ము" అంటిని.

వాడట్లే చేసెను. పరమాత్మయందు మాకు విశ్వాసము కలదు, ఆయన లోకమును కట్టెనని మేము నమ్మము, ఈ భావముతోనే నేను ప్రమాణము చేయగలను అని నాలుగు పంక్తులు. ఆ పెద్దమనిషి చదివి, "ఇవన్నియు ఎవరు అడుగుదురు? మతచర్చ లాడ్జీలో నిషిద్ధమే గదా, ఈ కాగితము తీసివేయుము" అనిరట. మావాడు తీయలేదు. ఆయన కొంతసేపు ఊరకుండి, రెండు కాగితములకును గుండుసూది గుచ్చి జేబులో పెట్టుకొని పోయిరట.

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి జవాబు రాలేదు. ఆయన మాత్రము కొట్టునకు ఎప్పటివలె వచ్చుచునే ఉన్నారు. మొన్న రెండు పంకాలు కొనిపోయిరి.