రుణ సంఖ్యల నియమాలు: ఒప్పందమా, అనివార్యమా?

పరీక్షల్లో తరచు తడబాటు కలిగించేవి −3², (−3)². మొదటిదాని విలువ −9, రెండోదాని విలువ 9. ఈ తేడా వెనుక గణిత తత్త్వశాస్త్రంలోని పాత వివాదం ఒకటుంది: నియమాలు మనిషి కల్పించుకున్నవా, ముందే ఉన్నవాటిని కనుగొన్నాడా? అన్ని నియమాలకూ ఒకే జవాబు చెల్లదు.

−3² సంగతి వట్టి రాత మర్యాద. ముందు 3ను వర్గం చేసి, తర్వాత గుర్తు తగిలించాలన్నది ఒక ఒప్పందం. ఎక్సెల్‌లో =-3^2 అని కొడితే 9 వస్తుంది; పైథాన్‌లో -3**2 కొడితే −9 వస్తుంది. లెక్క మారలేదు, చదివే పద్ధతి మారింది.

(−3)×(−3) = 9 అలాంటిది కాదు. రెండు రుణాల లబ్ధం ధనమని బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పాడు. అప్పును అప్పుతో గుణించడం ఏ పద్దు పుస్తకంలోనూ కనిపించదు. అయినా 3 + (−3) = 0 కనుక, దాన్ని −3తో గుణిస్తే వచ్చేదీ 0 కావాలి. విభాగ న్యాయం ప్రకారం అందులో మొదటి భాగం −9. రెండోది 9 అయితేనే మొత్తం సున్న అవుతుంది. ఆ న్యాయాన్ని వదులుకుంటే తప్ప వేరే దారి లేదు.

రుణ ఘాతాంకం ఈ రెంటికీ నడుమ ఉంటుంది. 2³ అంటే మూడు రెండ్ల లబ్ధం. 2⁻³కు ఆ అర్థం అతకదు. అయితే 8, 4, 2 అంటూ ఘాతాంకం ఒకటి తగ్గినప్పుడల్లా విలువ సగమవుతుంది. అదే వరస సాగిస్తే 2⁰ = 1, 2⁻¹ = 1/2, 2⁻³ = 1/8. వరస సాగించాలన్నది మనిషి నిర్ణయం. సాగించాక వచ్చే విలువ అతని చేతిలో లేదు. పాత నియమాలు చెడకుండా సంఖ్యల పరిధి పెంచాలన్న ఈ పద్ధతిని 19వ శతాబ్దిలో జార్జ్ పీకాక్, హెర్మన్ హాంకెల్ సూత్రీకరించారు.

ఈ సూత్రానికీ హద్దుంది. రుణ సంఖ్యకు వర్గమూలం లేదని 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో అన్నాడు; పావులూరి మల్లన తెనిగించిన గ్రంథం ఇదే. వాస్తవ సంఖ్యల్లో ఆ మాట నేటికీ నిజం. సంకీర్ణ సంఖ్యలు వచ్చాక వర్గమూలం దొరికింది గాని √a × √b = √(ab) అన్న నియమం రుణ సంఖ్యల దగ్గర చెడింది: √(−4) × √(−9) విలువ 6 కాదు, −6. పరిధి పెంచినప్పుడు ఏ నియమాన్ని నిలపాలో, దేన్ని వదలాలో ఎంచుకోవచ్చు. అన్నిటినీ నిలపడం మాత్రం కుదరదు.