ఒంటిని చూసుకోవడం గర్వమా?

ఒంటి మీద ధ్యాస పెరిగితే ఆత్మ మీద ధ్యాస తగ్గుతుందని పెద్దలు హెచ్చరిస్తుంటారు. అద్దం ముందు ప్రొద్దుపుచ్చేవారికి ఆ మాట తగినదే. కాని దురదతో రాత్రంతా నిద్రలేని మనిషికి అది వర్తిస్తుందా?

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. బురదనీటిలో నానితే కాలివేళ్ల సందులు పాచిపోతాయని ఏటిఒడ్డు వారందరికీ తెలుసు. నీరు తీసాక మందు రాస్తే అది మానుతుంది. పంట పోయి అప్పు మిగిలిన దిగులు అంత త్వరగా మానదు. ఆ దిగులు కూడ చర్మానికి తెలుస్తుంది.

తల్లి గర్భంలో చర్మపు పైపొర, మెదడు, నరాలు ఒకే పొర నుండి ఏర్పడతాయి. అందుకే కాబోలు అవి ఒకదాని బాధ ఒకటి పంచుకుంటాయి. ఆందోళన వల్ల నిద్ర చెడుతుంది, దురద హెచ్చుతుంది, గోకినకొద్దీ చర్మం చిట్లుతుంది. గజ్జి, సోరియాసిస్, బొల్లి వంటివన్నీ దిగులుతోనే పుట్టవు. గజ్జికి కారణం కంటికి ఆనని పురుగు. సోరియాసిస్ మాత్రం దిగులుతో ముదురుతుంది. సోరియాసిస్, బొల్లి ఒకరి నుండి ఒకరికి అంటవు.

అయినా మనం ఏమంటాం? "ఏ పాపం చేసిందో!" అంటాం. ఆ మాట విన్న ఆడపిల్ల మండుటెండలో తునికాకు కోతకు కూడ నిండుచేతుల రవిక తొడుగుతుంది. గుడిలో చాప చివర కూర్చుంటుంది. సిగ్గు వల్ల దిగులు, దిగులు వల్ల మళ్లీ వ్యాధి. ఈ చక్రాన్ని మన చూపే తిప్పుతోంది.

ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబులో స్నేహితులు పాపాన్ని వెదికారు. చివరకు దేవుడు కోపించినది ఆ స్నేహితుల మీదే. క్రీస్తు ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగి ఉండి కూడ చేయి చాపి ముట్టుకున్నారు. ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టని ఆ మనిషికి ఆ స్పర్శ కూడ స్వస్థతే.

తన శరీరాన్ని 'సోదర గాడిద' అని పిలిచి కఠినంగా ఉపవాసాలు చేసిన అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్‌వారు, అవసానకాలంలో ఆ సోదరునికి అపచారం చేశానని ఒప్పుకున్నారని చెబుతారు. దేవుడిచ్చిన ఒంటిని కాపాడుకోవడం గర్వం కాదు, గృహనిర్వాహకుని బాధ్యత. శుభ్రమైన నీళ్లు, కాస్త కొబ్బరినూనె, కంటినిండా నిద్ర, మనసులోని బరువు చెప్పుకోవడానికి ఒక మనిషి — ఇవి విలాసాలు కావు. డాక్టరు చెప్పనిదే మందుల దుకాణంలో స్టెరాయిడ్ క్రీములు కొనకండి, అవి చర్మాన్ని పలచబరుస్తాయి. స్పర్శ తెలియని మచ్చ కనబడితే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. కుష్ఠుకు మందు అక్కడ ఉచితం, వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

ఇక మిగిలిన మన సంగతి. వచ్చే ఆదివారం దివ్యపూజకు వెళ్లినప్పుడు, చాప చివర ఒంటరిగా కూర్చున్నవారు కనబడితే మచ్చల వైపు చూడకుండా ముఖం వైపు చూద్దాం. వారి పక్కనే కూర్చుందాం.