మన యాస, వాళ్ల నవ్వు



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అమ్మాయిలు హైదరాబాదు హాస్టల్లో చేరిన కొత్తలో "యాడికి పోతాండావు?" అంటారు. గదంతా నవ్వు. మర్నాటి నుంచి ప్రతి మాటనూ లోపలే దిద్దుకుని పైకి అనడం మొదలవుతుంది. ఇంటి నుంచి ఫోనొస్తే వరండాలోకెళ్లి, గొంతు తగ్గించి అమ్మతో మాట్లాడతారు. ఆ తగ్గిన గొంతే నన్ను బాధిస్తుంది.

మనకు మనమే తక్కువనుకున్న చోటే నవ్వు గుచ్చుకుంటుంది. రాయలసీమ యాసను ముఠాకక్షల పాత్రలకు అప్పగించి సినిమాలు ఆ చిన్నతనాన్ని పెంచాయి. కానీ పూర్తి తెలుగులో దొరికిన తొలి శాసనాలు సీమవే. వాటిని ఆరో శతాబ్దంలో రేనాటి చోళులు కడప జిల్లా కలమళ్ల, ఎర్రగుడిపాడుల్లో వేయించారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకే తరలింది. అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ఈ కరువు నేల బతుకునే 'పెన్నేటి పాట'గా రాశారు. హిందూపురం సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. రెండు భాషల్లో బతకగలగడం కొరతెలా అవుతుంది?

ఇవన్నీ తెలిసిన పిల్లకు అదే నవ్వు వేరేగా వినిపిస్తుంది. ఎదుటివాళ్ల చెవికి ఇంకా అలవాటు కాలేదంతే అనిపిస్తుంది. "మా పక్క ఇట్లే అంటారు" అని చెప్పి తన మాట తాను కొనసాగిస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన రూమ్మేట్ నోరు విప్పినప్పుడు తనకూ నవ్వొచ్చిన సంగతి అప్పుడే గుర్తుకొస్తుంది. ఈసారి దగ్గరకెళ్లి, "మీ ఊళ్లో దీన్నేమంటారు?" అని అడుగుతుంది.