పరీక్షకు వెళ్ళటం అపనమ్మకమా?



ఒక గురువారం మహిళల ఇజ్తెమా ముగిసింది. అందరూ బురఖాలు సర్దుకుని బయల్దేరుతుంటే ఒక సోదరి మాత్రం చాప మీదే కూర్చుండిపోయింది. మూడేళ్ళ క్రితం ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో ఎక్కించారు, ఆ తర్వాత కరెంటు పెట్టారు. అల్‌హమ్దులిల్లాహ్, రాలిన జుట్టు మళ్ళీ వచ్చింది. ఇంటి పని, పిల్లల చదువు అన్నీ తనే చూసుకుంటోంది. కాని ఏడాదికొకసారి చేయించుకోవలసిన మామోగ్రామ్ తేదీ దగ్గరపడే కొద్దీ ఆమెకు నిద్ర పట్టదు. ఈసారి రెండు తేదీలు చేజేతులా దాటవేసింది.

"ఆపా! అల్లాహ్ నాకు షిఫా ఇచ్చాడు. మళ్ళీ ఆ పరీక్షలకు వెళితే ఆయన ఇచ్చిన షిఫాను అనుమానించినట్టు కాదా? మా అత్తగారు అదే అంటున్నారు. వెళ్ళకపోతే గుండె దడ, వెళదామంటే కాళ్ళ వణుకు. నా ఈమాన్‌లోనే ఏదో లోపం ఉన్నట్టుంది" అంది.

ఆ రోజు ఆమెతో చెప్పిన మాటలనే కాస్త వివరంగా ఇక్కడ చెప్పదలచుకున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. చికిత్స జరుగుతున్నన్నాళ్ళు మనిషికి భయపడే తీరిక కూడా ఉండదు. ఫలానా రోజు ఇంజెక్షన్, ఫలానా రోజు రక్తపరీక్ష అంటూ రోజులు గడిచిపోతాయి. చుట్టూ డాక్టర్లు, నర్సులు, బంధువులు ఉంటారు. అంతా అయిపోయి "ఇక ఇంటికి వెళ్ళండి" అన్నాకే అసలు భయం తలుపు తడుతుంది. ఇంట్లోవాళ్ళేమో జబ్బు పోయిందని ఊపిరి పీల్చుకుంటారు. ఆమెకేమో నడుము నొప్పి వచ్చినా అదేననిపిస్తుంది, దగ్గు వచ్చినా అదేననిపిస్తుంది.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మాతృమూర్తిని ఒకసారి గుర్తుచేసుకోండి. ఫిరౌన్ సైనికులు మగశిశువులను వెదికి వెదికి చంపుతున్న రోజులవి. పాలు పట్టమని, ప్రాణభయం కలిగినప్పుడు బిడ్డను నదిలో వదలమని, భయపడవద్దని, దుఃఖించవద్దని, బిడ్డను తిరిగి ఆమె దగ్గరకే చేరుస్తానని అల్లాహ్ ఆమె మనసులో వేశాడు. 'ఖసస్' అధ్యాయంలో ఈ ప్రస్తావన ఉంది. ఆలోచించండి, సాక్షాత్తూ విశ్వప్రభువే మాట ఇచ్చాడు. అంతకుమించిన హామీ ఏ తల్లికి దొరుకుతుంది? అయినా బిడ్డను నదిలో వదిలాక ఆమె హృదయం శూన్యమైపోయిందని ఖుర్ఆన్ చెబుతోంది. అల్లాహ్ ఆమె గుండెకు దిటవు కలిగించకపోతే రహస్యం బయటపెట్టేసేదే.

ఆమె భయాన్ని అల్లాహ్ అవిశ్వాసం అనలేదు. నిందించనూలేదు. ఆ గుండెను తానే గట్టిపరిచాడు.

ఇక ఆ తర్వాత ఆమె ఏం చేసింది? మాట దొరికింది కదా అని ఇంట్లో కూర్చోలేదు. తన కూతురిని పిలిచి, తమ్ముడి వెంటే వెళ్ళి చూడమంది. ఆ బాలిక ఎవరికీ అనుమానం రాకుండా, దూరం నుంచి చూస్తూ వెళ్ళింది. మనం ఈ గాథ చెప్పుకున్నప్పుడల్లా నది గురించి, ఫిరౌన్ భవనం గురించి మాట్లాడుకుంటాం గాని ఆ బాలిక గురించి తక్కువగా మాట్లాడతాం. బిడ్డను పాలిచ్చి పెంచే కుటుంబాన్ని చూపిస్తానని ముందుకు వచ్చింది ఆ అమ్మాయే. తల్లి ఒడికి బిడ్డను చేర్చినవాడు అల్లాహ్. అందుకు ఆయన వాడుకున్నది ఆ అమ్మాయి నడకనే.

సోదరీమణులారా! మీ మామోగ్రామ్ ఆ అమ్మాయి నడక వంటిదే. ఆమె చూస్తున్నందువల్ల బిడ్డకు ముప్పు రాలేదు. చూడకుండా ఉంటే ముప్పు తప్పిపోయేదీ కాదు. పరీక్ష జబ్బును తీసుకురాదు. ఉన్నదాన్ని చూపిస్తుంది, అంతే. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందు కట్టమని, ఆ తర్వాత భారం వేయమని బోధించిన విషయం మన పిల్లలకు కూడా తెలుసు. కట్టిన తాడు వదులైందేమోనని మధ్యలో లేచి చూసుకున్నవాడిని తవక్కుల్ లేనివాడంటామా?

ఇంతకూ ఆ పరీక్షల్లో ఏముంటుంది? తెలియని దానికే భయం ఎక్కువ కనుక నాలుగు మాటలు చెబుతాను. సాధారణంగా చికిత్స తర్వాత మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, తర్వాతి రెండేళ్ళు ఆరు నెలల నుంచి ఏడాదికొకసారి, అటుపైన ఏటా ఒకసారి డాక్టరు చేతితో పరీక్షించి చూస్తారు. మామోగ్రామ్ ఏడాదికొకసారి. ఒక రొమ్మును పూర్తిగా తీసివేసి ఉంటే రెండవ వైపు మాత్రమే తీస్తారు. రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు నొక్కుతారు. కరెంటు పెట్టిన వైపు కాస్త నొప్పి ఉండవచ్చు. పరగడుపున వెళ్ళనక్కరలేదు. ఆ రోజు చంకల్లో పౌడరు, అత్తరు, సెంటు రాసుకోవద్దు, అవి ఫిల్ములో చుక్కల్లా కనిపించి లేనిపోని కంగారు తెస్తాయి. సల్వార్ కమీజ్ వేసుకుంటే పైవస్త్రం ఒక్కటే తీయవలసి వస్తుంది. పరీక్ష చేసేది స్త్రీయేనా అని ముందే అడగండి, అడగటంలో తప్పులేదు. ఎక్కడా స్త్రీ దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యుడికి చూపించుకోవటానికి ధర్మం అనుమతిస్తోంది. సిగ్గు పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోమని అది చెప్పలేదు. పాత ఫిల్ములు, రిపోర్టులు తప్పక వెంట తీసుకెళ్ళండి. పాతవాటితో పోల్చి చూస్తేనే ఏది ఆపరేషన్ మచ్చో, ఏది కొత్తదో డాక్టర్లకు తేలికగా తెలుస్తుంది.

మరో ఫిల్ము తీయాలనో, స్కానింగ్ చేయాలనో మళ్ళీ పిలిచారంటే జబ్బు తిరిగి వచ్చిందని అర్థం కాదు. ఆపరేషన్ జరిగిన చోట లోపలి గాటు కూడా నీడలా కనిపిస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్ళేవారూ ఉన్నారు. భయం కొద్దీ ప్రతి మూడు నెలలకూ ఒళ్ళంతా స్కాన్ చేయించమని, రక్తంలో క్యాన్సర్ గుర్తులు చూడమని డాక్టరును వేధిస్తారు. భర్త అప్పు చేసి మరీ తీయిస్తాడు. 1994లో ఇటలీలో వెయ్యి మందికి పైగా స్త్రీలతో జరిగిన రెండు పరిశోధనలు వెలువడ్డాయి. ఏ లక్షణమూ లేనివారికి తరచూ ఎముకల స్కానులు, ఛాతీ ఎక్స్‌రేలు తీసినందువల్ల వారు ఎక్కువ కాలం జీవించలేదని వాటిలో తేలింది. అందుకే లక్షణాలు లేనప్పుడు అలాంటివి మామూలుగా వద్దంటారు. డాక్టరు రాయలేదంటే అది నిర్లక్ష్యం కాదు. అయితే రొమ్ములో గాని, గాటు మీద గాని, చంకలో గాని, మెడ ఎముక పైన గాని కొత్తగా గడ్డ తగిలినా, రెండు మూడు వారాలైనా తగ్గని ఎముకల నొప్పి, పొడిదగ్గు, ఆయాసం, తలనొప్పి ఉన్నా, చేయి వాచినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్ళాలి. టామోక్సిఫెన్ మాత్రలు వాడుతున్నవారికి నెలసరి నిలిచిపోయాక మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే అదీ చెప్పాలి. రమజాన్‌లో ఆ మాత్ర మానేస్తున్నవారు కొందరున్నారు. రోజుకొకటే కదా, సహరీకి వేసుకోవచ్చా, ఇఫ్తార్‌కు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. కలోంజీ, తేనె వాడండి, కాదనను. కాని వాటి కోసం మాత్ర మానకండి. తాయెత్తుల సంగతి నేను చెప్పనే అక్కరలేదు.

ఇప్పుడు అసలు భయం సంగతికి వస్తాను. ఒకసారి దెబ్బ తిన్న గుండె రెండోసారి ఎలా కొట్టుకుంటుందో 'యూసుఫ్' అధ్యాయం చదివితే తెలుస్తుంది. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) యూసుఫ్‌ను పోగొట్టుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత కుమారులు వచ్చి చిన్న తమ్ముణ్ణి కూడా తమ వెంట ఈజిప్టుకు పంపమన్నారు. మునుపు వాడి అన్న విషయంలో మిమ్మల్ని నమ్మినట్టే ఇప్పుడూ నమ్మాలా అని ఆయన అడిగారు. ఆయన దైవప్రవక్త. అయినా పాత గాయం సలిపింది. రక్షకుడు అల్లాహ్ ఒక్కడేనని అన్నారు, అంటూనే కుమారుల చేత దైవసాక్షిగా ప్రమాణం చేయించారు. అందరూ ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా నగరంలోకి వెళ్ళమని జాగ్రత్త చెప్పారు. అల్లాహ్ నిర్ణయం నుంచి మాత్రం తాను వారిని తప్పించలేనని ఆ వెంటనే అన్నారు. అలా జాగ్రత్త చెప్పిన ఆయనను అల్లాహ్ జ్ఞానవంతుడని పేర్కొన్నాడు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అంత జాగ్రత్త తీసుకున్నా ఆ చిన్న కుమారుడు అప్పటికి తిరిగి రాలేదు, ఈజిప్టులోనే ఉండిపోవలసి వచ్చింది. పరీక్షలన్నీ వేళకు చేయించుకున్నవారిలో కూడా కొందరికి జబ్బు తిరగబెడుతుంది. అలా జరగదని నేను మాట ఇవ్వలేను, ఏ డాక్టరూ ఇవ్వలేడు. దుఃఖంతో యాఖూబ్ (అ) కళ్ళు తెల్లబడిపోయాయి. కుమారులు మాత్రం ఇంకా యూసుఫ్‌నే తలచుకుంటూ కుమిలి నశిస్తావా అన్నట్టు విసుక్కున్నారు. తన బాధను, దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన బదులిచ్చారు. ఆ నోటితోనే, వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కూడా అన్నారు. కన్నీరూ ఆగలేదు, వెదకటమూ ఆగలేదు.

ఆ కుమారుల మాట వంటిదే ఇవాళ మన ఇళ్ళలో వినిపిస్తోంది. "ఇంకా అదే ధ్యాసా? సబ్ర్ చెయ్యి. అల్లాహ్ జిక్ర్‌తో మనసు కుదుటపడుతుందని తెలియదా?" అంటారు. ఆ మాట సత్యం. కాని భయపడుతున్న మనిషి నోరు నొక్కడానికి దాన్ని వాడితే అది ఉపదేశం కాదు. తన పసిబిడ్డ ఇబ్రాహీమ్ (రజి) ప్రాణం పోతున్నప్పుడు మహాప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. ఆయన కంటే సహనశీలి ఎవరు? విశ్వాసికి కలిగే అలసట, రోగం, దిగులు, దుఃఖం, చివరికి కాలిలో గుచ్చుకునే ముల్లు సైతం అతని పాపాలను తుడిచివేస్తుందని ఆయన చెప్పారు. ఆ వరుసలో దిగులు కూడా ఉందని గమనించండి. రిపోర్టు కోసం ఎదురుచూస్తూ మీరు నిద్రపోని రాత్రి అల్లాహ్ వద్ద వృథా కాదు.

అత్తగార్లు, భర్తలు కూడా ఈ పత్రిక చదువుతారు కనుక ఒక మాట. పరీక్ష రోజున ఆమెను ఒంటరిగా పంపకండి. జిల్లాల నుంచి హైదరాబాద్‌కు వచ్చేవారికి ఒక రోజంతా పడుతుంది, ఆ రోజు వంట ఆమె నెత్తిన వేయకండి. ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని కొందరు ఈ జబ్బు మాటే బయటికి రానివ్వరు. ఊరందరికీ చెప్పనక్కరలేదు. కాని ఆమె కూతుళ్ళకు, అక్కచెల్లెళ్ళకు తెలియాలి. రేపు వాళ్ళకు ఎప్పటి నుంచి పరీక్షలు అవసరమో డాక్టరు దాన్నిబట్టే చెబుతారు.

పరీక్ష ముందు రోజు రాత్రి ఏం చేయాలని అడిగితే, కొత్తగా ఏమీ మొదలుపెట్టవద్దంటాను. ఇషా నమాజు చేయండి. జరగబోయే దాని గురించిన దిగులు నుంచి, జరిగిపోయిన దాని గురించిన దుఃఖం నుంచి దైవప్రవక్త (స) తరచూ అల్లాహ్ శరణు వేడుకునేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఆ దుఆ కంఠస్థం లేకపోతే మీ భాషలోనే అడగండి, ఆయనకు తెలుగు వస్తుంది. డాక్టరును అడగవలసినవి కాగితం మీద రాసుకోండి. రిపోర్టు ఏ రోజు వస్తుందో అక్కడే కనుక్కోండి. అద్దం ముందు గంటకొకసారి తడుముకుని చూసుకోవటం మాత్రం జాగ్రత్త కాదు, అది వస్వసా. నెలకొకసారి చాలు.

ఆ సోదరి తర్వాతి వారమే వెళ్ళింది. అత్తగారు కూడా వెంట వచ్చారు. కోడలు లోపల ఉన్నంతసేపూ బయట బెంచీ మీద తస్బీహ్ తిప్పుతూ కూర్చున్నారు. "ఆ పిల్ల తమ్ముడి కోసం ఒక్కతే అంత దూరం నడిచిందా?" అని నన్ను రెండుసార్లు అడిగారు. రిపోర్టు అయిదో రోజున వచ్చింది. ఒక చోట నీడ కనిపిస్తే స్కానింగ్ చేశారు, పాత గాటేనని తేలింది. అల్‌హమ్దులిల్లాహ్. భయం పోయిందా అని ఫోన్‌లో అడిగాను. పోలేదంది. వచ్చే ఏడాది తేదీ మాత్రం వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో అత్తగారే రాయించారట.