పుంలింగం లేని పొగడ్త

మా పెద్దమ్మ పోయినపుడు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు: "అదృష్టవంతురాలు, పుణ్యస్త్రీగా పోయింది." నలభై ఏళ్ళ ఆమె చాకిరీ గురించి, దొంగచాటుగా చదువుకున్న నవలల గురించి ఎవరూ ఎత్తలేదు. భర్తకంటే ముందు పోవడమే ఆమె ఘనత అయింది.

ఆ పొగడ్తే రోమన్ స్త్రీల సమాధి రాళ్ళమీద నాకు మళ్ళీ కనిపించింది. 'ఉనివిర' అనే లాటిన్ విశేషణం. ఒకే భర్తను ఎరిగిన స్త్రీ అని అర్థం. 'ఉనుస్' అంటే ఒకటి. 'విర్' అంటే పురుషుడు, భర్త. మన 'వీర' శబ్దానికి ఈ 'విర్' దాయాది. 'విర్తూస్' కూడా దీన్నుంచే పుట్టింది: మగతనం, శౌర్యం, ఆపైన సద్గుణం. మగవాడి సుగుణం అతని మగతనంలోనే ఉంది. స్త్రీ సుగుణం మాత్రం ఆమె భర్తల లెక్కలో ఉంది!

లాటిన్ విశేషణాలు సాధారణంగా మూడు లింగాల్లోనూ నడుస్తాయి: బోనుస్, బోన, బోనుమ్. 'ఉనివిర' స్త్రీలింగం దగ్గరే ఆగిపోయింది. మనకు 'ఏకపత్నీవ్రతుడు' ఉన్నాడు కదా అనొచ్చు. ఉన్నాడు, రాముడి బిరుదుగా. పెళ్ళిపందిట్లో ఏ మగవాణ్ణీ ఆ అర్హత అడగరు. రోమ్‌లో మాత్రం పెళ్ళికూతురి వెంట ఉండే పెద్ద ముత్తైదువ ఉనివిర అయి తీరాలి.

క్రీ.పూ. 296 నాటి సంఘటన ఒకటి లివీ రాశాడు. వెర్జీనియా అనే కులీన స్త్రీ సామాన్య వర్గంవాణ్ణి పెళ్ళాడిందని శీలదేవత పూజకు రానివ్వలేదు. ఆమె తన ఇంట్లోనే సామాన్య స్త్రీల కోసం మరో పూజాపీఠం కట్టింది. అయితే అక్కడా ఒకే భర్తను ఎరిగినవాళ్ళకే ప్రవేశం. గెంటివేతకు గురైన మనిషే అదే గడపను మళ్ళీ కట్టింది. మనలో ఎందరం ఈ పని చెయ్యడం లేదు?

ఇక రాజ్యం సంగతి. క్రీ.శ. 9లో వచ్చిన చట్టం పిల్లల్ని కనే వయసున్న వితంతువులకు రెండేళ్ళ గడువిచ్చి, మళ్ళీ పెళ్ళాడకపోతే వారసత్వంలో కోత పెట్టింది. దాన్ని తెచ్చిన కాన్సుళ్ళు ఇద్దరూ బ్రహ్మచారులే! రాయిమీద పొగిడిన దానికే చట్టంలో శిక్ష.

అసలు ప్రశ్న ఇది: భర్త ముందు పోతాడా, భార్య ముందు పోతుందా అన్నది ఎవరి చేతిలో ఉంది? చేతిలో లేనిదాన్ని సుగుణమని ఎలా అంటాం? అదృష్టాన్ని సుగుణమని పొగిడితే దురదృష్టం నేరమవుతుంది. మా పెద్దమ్మను పుణ్యస్త్రీ అన్నపుడు, ఆ గదిలోనే ఒక మూల తలవంచుకు కూర్చున్న మా చిన్నత్తయ్యను ఏమన్నట్టు?

పెద్దమ్మ బాగా చదివేది. ఆమెకు నేనిచ్చే విశేషణం అదే.