రికార్డింగ్ లైటు

సంక్రాంతికి భీమవరం వెళ్తే బీరువా పైఅరలోంచి పాత హ్యాండీకామ్ బయటపడింది. 2004 చివర్లో మా బాబాయి న్యూజెర్సీ నుంచి తెచ్చింది. (హ్యాండీకామ్ అన్నది 1985లో సోనీవాళ్ళు పెట్టుకున్న పేరు. మన ఇళ్ళల్లో ఏ కంపెనీదైనా హ్యాండీకామే.) మా మేనత్త కూతురు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఉగాది వెళ్ళాక వాళ్ళ పాప అన్నప్రాసన. "ఇది ఇంకా పనికొస్తుందా బావా? ఫోన్ వీడియోలన్నీ ఒకేలా ఉంటున్నాయి" అంది. సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కదా, చూసి చెప్తానని పెట్టెలో ఉన్న క్యాసెట్లతో సహా హైదరాబాద్ పట్టుకొచ్చాను.

పనికొస్తుందనే చెప్పాలి. మినీడీవీ క్యాసెట్టు, టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, మామూలు స్పీడులో 60 నిమిషాలు. సెకనుకి 25 మెగాబిట్లు, అంటే గంట వీడియో దాదాపు 13 జీబీ. అమెరికాలో కొన్నది కాబట్టి ఎన్‌టీఎస్‌సీ, 720×480. ఇప్పటి ఫోన్ల ముందు ఇది లెక్కలోకి రాదు. ఆప్టికల్ జూమ్ 10 రెట్లు. పక్కన స్టిక్కరు మీద వందల్లో ఉన్న అంకె డిజిటల్ జూమ్‌ది, ఉన్న చుక్కల్నే సాగదీస్తుంది కాబట్టి దాన్ని మర్చిపోవచ్చు. చీకటి వంటింట్లో బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది. మైకుకి అందరికంటే దగ్గరగా ఉండేది తీసేవాడే కాబట్టి అతని గొంతే పెద్దగా వినిపిస్తుంది. బ్యాటరీ చచ్చిపోయింది కానీ అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ప్లగ్గులో పెట్టి నడపొచ్చు.

అసలు ఇబ్బంది టేపుని కంప్యూటర్లోకి ఎక్కించడం. ఫైర్‌వైర్ పోర్టు కావాలి, కొత్త లాప్‌టాప్‌లలో అది లేదు. ఫ్రెండు పాత డెస్క్‌టాప్‌కి కార్డు తగిలించి కూర్చున్నాను. ఇక్కడ ఫైల్ కాపీ చేసినట్టు ఉండదు, గంట టేపు ఎక్కాలంటే గంట ఆడాల్సిందే. కూర్చుని చూడాల్సిందే. 'సంక్రాంతి 2005' అని నా చేతిరాతతో ఉన్న టేపు అలాగే చూశాను.

ఆ కెమెరా ముఖం మీద లెన్సు పక్కన మిరియపు గింజంత ఎర్ర లైటు ఉంటుంది. రికార్డవుతున్నంతసేపూ వెలుగుతుంది. తీసేవాడికి దాంతో పనిలేదు, అతనికి స్క్రీను మీద తెలుస్తూనే ఉంటుంది. అది ఎదుటివాళ్ళ కోసం పెట్టింది. మెనూలోకి వెళ్ళి దాన్ని ఆపేయొచ్చు. పదహారేళ్ళప్పుడు ఆ కెమెరాలో నేను కనిపెట్టిన మొదటి ఫీచరు ఇదే.

తాతయ్య పోయాక మామ్మ ఫోటోల్లోకి రావడం మానేసింది. "పండగపూట నా మొహం ఎందుకురా, పిల్లల్ని తియ్యి" అనేది. ఎర్ర లైటు కనపడితే చెంగు అడ్డం పెట్టుకుని లేచిపోయేది. ఆ ఏడు భోగి ముందురోజు గునుపూడిలో మా వంటింట్లో అరిసెలకి పాకం పడుతోంది. పక్కన గిన్నెలో నీళ్ళు, అందులో పాకం చుక్క వేసి ఉండ కడుతుందో లేదో వేళ్ళతో చూసుకుంటోంది. నేను లైటు ఆపేసి, కెమెరాని పప్పుడబ్బాల పక్కన పెట్టి బయటికెళ్ళిపోయాను. నాలుగు నిమిషాల తర్వాత వచ్చి ఆపేశాను. వెనక్కి తిప్పి కూడా చూడలేదు. లైటు ఆపినా రికార్డవుతుందా లేదా అన్నదే అప్పటి నా సరదా.

ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది, అయిందని. పాకం కలుపుతూ మామ్మ మా అత్తతో తన పెళ్ళయిన మొదటి ఏడాది గురించి మాట్లాడుతోంది. వెనక ఎక్కడో సోమేశ్వరుడి గుడి మైకు. మధ్యలో ఒకసారి నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని నాకు తెలీదు. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

ఆ క్లిప్‌ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేయాలని చెయ్యి పీకింది. నా దగ్గర రెండు వాదనలున్నాయి. మొదటిది, కెమెరా ఉందని తెలిస్తే మనుషులు బిగుసుకుపోతారు. పెళ్ళి వీడియోల్లో ఆ లైట్ల ముందు నిలబడ్డ ఎవర్ని చూసినా తెలుస్తుంది. 1895లో లూయీ లూమియేర్ తన అన్న ఓగూస్త్ కుటుంబాన్ని తీశాడు. తల్లీతండ్రీ పాపకి తినిపిస్తుంటారు, నిమిషం కూడా ఉండదు. ఒకరకంగా అన్నప్రాసన వీడియోనే! పెద్దవాళ్ళకి కెమెరా ఉందని తెలుసు, పాపకి దాని ధ్యాసే లేదు. చూసేవాళ్ళ కళ్ళన్నీ పాప మీదే ఉంటాయి.

రెండోది ఇంకాస్త ఘనంగా వినిపిస్తుంది. మామ్మ వద్దన్నది ఆవిడ మాటేనా? భర్త పోయిన ఆడది పండగపూట ఎదురు రాకూడదన్న ఆచారం ఆవిడ నోటితో అనిపించిన మాట కదా, దాన్ని నేనెందుకు మన్నించాలి? ఈ వాదన నాకు సగం రోజు బాగానే పనికొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, ఆ రోజు నేను ఆచారాన్ని ఎదిరించిందేమీ లేదు. ఎదిరించాలంటే లైటు వేసుకుని ఎదురుగా కూర్చుని, "కాదు మామ్మా, నువ్వూ రావాలి" అని పోట్లాడాలి. ఆవిడ తిట్టేది, బహుశా ఏడ్చేది, ఏమో, ఒప్పుకునేదేమో కూడా. ఆ కష్టం పడకుండా లైటు ఆపేశాను. ఆ 'వద్దు' ఎవరు నేర్పిందైనా, కెమెరా ముందు ఆవిడ చేతిలో ఉన్నది ఆ ఒక్క మాటే. దాన్ని ఒక మెనూ ఆప్షన్‌తో తీసేశాను.

రోలా బార్త్ 1980లో ఫోటోగ్రఫీ మీద రాసిన 'కెమెరా లూసిడా'లో వాళ్ళమ్మ ఐదేళ్ళప్పటి ఫోటో గురించి పేజీలకి పేజీలు రాశాడు, ఆ ఫోటోని మాత్రం పుస్తకంలో వేయలేదు. చదివినప్పుడు నాకిది కాస్త పోజులా అనిపించింది. ఇప్పుడు అలా అనిపించట్లేదు.

ఇప్పటి ఫోన్లు వేరే దారి పట్టాయి. 2020లో ఐఓఎస్ 14, మరుసటేడు ఆండ్రాయిడ్ 12, కెమెరా నడుస్తుంటే స్క్రీను మీద ఆకుపచ్చ చుక్క చూపించడం మొదలుపెట్టాయి. మంచిదే. కానీ ఆ చుక్క ఫోన్ పట్టుకున్నవాడికి. ఎదుటివాళ్ళ వైపు ఏమీ వెలగదు.

అత్తకి ఫోన్ చేశాను. వీడియో దొరికిందన్నాను.

"అమ్మ గొంతుందా అందులో?"

"ఉంది."

"ఏం మాట్లాడుతోంది?"

చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "గ్రూపులో పెట్టకురా. వచ్చినప్పుడు నాకొక్కదానికే చూపించు" అంది. కానీ నేను వినేశానుగా, దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

అన్నప్రాసనకి నాలుగు రోజుల ముందు కెమెరా తిరిగిచ్చాను. ఇచ్చేముందు మెనూలోకి వెళ్ళి చూస్తే సెట్టింగులన్నీ మొదటికొచ్చి ఉన్నాయి. ఇన్నేళ్ళూ వాడక లోపలి చిన్న బ్యాటరీ అయిపోయింది. తేదీ లేదు, టైము లేదు. రికార్డింగ్ లైటు ఆన్‌లో ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"టేపుల్లో అమ్మమ్మ ఎక్కడైనా ఉందా బావా?" అంది మరదలు.

"మీ అమ్మనడుగు" అన్నాను.