గుర్రం ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తావు, బిడ్డా?

చిరంజీవి బిడ్డకు,

మీ చిన్నతాత ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన కాగితం అందింది. మే నెలలో గరిడేపల్లిలో మూడు రోజులు పిల్లలకు గుర్రపు స్వారీ శిబిరం. నలభై మంది పిల్లలు, కోదాడ నుంచి నాలుగు గుర్రాలు. వచ్చిన ఫీజులో మిగిలినదంతా భవిత కేంద్రానికి వచ్చే ప్రత్యేక అవసరాల పిల్లల వ్యాయామ పరికరాలకు. చదివి నిజంగా సంతోషించాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, చీకటితో లేచి స్వారీ నేర్చుకుని, ఆ నేర్చింది ఊరి పిల్లలకు పనికి రావాలనుకున్నావు. మన ఇంట్లో ఇంతకు ముందు ఎవరికీ రాని ఆలోచన ఇది.

మా నాయనమ్మకు గుర్రం డెక్కల చప్పుడంటే వణుకు. ఆ చప్పుడు వినబడితే రోలు దగ్గర ఉన్న కోడలిని, వాకిట్లో ఆడుకునే పిల్లను లోపలికి లాగి గొళ్లెం పెట్టేదట. నిజాం కాలంలో మన హుజూర్‌నగర్, సూర్యాపేట తాలూకాల్లో గుర్రమెక్కి ఊళ్లోకి వచ్చేది దొర, లేకుంటే శిస్తు అడిగే గిర్దావరు. చివరి రోజుల్లో రజాకార్లు. 1948 సెప్టెంబర్‌తో ఆ రాజ్యం పోయింది కానీ ఆమెకు ఆ భయం చచ్చేదాకా పోలేదు. ఆ ఇంటి పిల్ల ఈనాడు కళ్లెం పట్టుకుని, నడవలేని పిల్లల కోసం జీను బిగిస్తానంటున్నది. నేను నీ పనికి అడ్డం రావడానికి ఈ ఉత్తరం రాయడం లేదని ముందే చెబుతున్నాను.

అయితే నీ కాగితంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ముఖ్య అతిథి విచ్చేయగానే గుర్రాల ప్రదర్శన మరోసారి ఉంటుంది’ అని రాశావు. ఆ వాక్యం నువ్వు రాసింది కాదు, నీ చేత ఎవరో రాయించారు. నీ మాట తీరు నాకు తెలుసు.

అది చదవగానే నాకు మన మైలెద్దు గుర్తొచ్చింది. దాని సంగతి మీ తాత నీకు ఎన్నడూ చెప్పి ఉండడు. ఆయన ఎవరికీ చెప్పలేదు. సాగర్ నీళ్లు ఇంకా మన పొలాలకు రాని రోజులవి. ఇప్పుడు కనుచూపు మేర వరి కనబడే చోట అప్పుడు జొన్న, ఆముదం, ఉలవలు. ఊరి బడికి కప్పు లేదు. కమిటీ వాళ్లు ఎండాకాలంలో బండలాగుడు పందెం పెట్టించి, వచ్చిన డబ్బుతో రేకులు వేయిద్దామన్నారు. మంచి పనే. మా నాయన మన జత ఎడ్లను దించాడు, మైలది, కర్రెది. పొద్దున్నే మన జత బాగా లాగింది. దుమ్ములో బండ జారిన గీత ఎంత దూరం పోయిందో పిల్లలందరం అడుగులు వేసి కొలిచాం. పందెం అయిపోయింది, ఎడ్లను చింతచెట్టు కింద కట్టేశాం.

మిట్టమధ్యాహ్నం పెద్దమనిషి జీపు దిగాడు. ఆయన చూడలేదు కాబట్టి ఇంకొక్కసారి లాగించమన్నారు. పలుపు మీ తాత చేతిలో ఉంది. మీ తాత మా నాయన ముఖం చూశాడు, నాయన కమిటీ వాళ్ల ముఖం చూశాడు. ‘పెద్దమనుషులు అడుగుతున్నరు, ఎట్ల కాదంటం’ అన్నాడు నాయన. బండకు మళ్లీ మోకు కట్టారు. చుట్టూ ఈలలు, చర్నాకోల దెబ్బలు. సగం దూరం కూడా పోకముందే మైలెద్దు ముందుకాళ్ల మీద కూలబడింది. ముక్కుల్లో నురగ. కళ్లు తెరిచే ఉన్నాయి. మీ తాత దాని మెడకింద చెయ్యి పెట్టి కూర్చున్నాడు, లేవలేదు. పెద్దమనిషి గడియారం చూసుకుని జీపెక్కాడు.

సాయంత్రానికి ఎద్దు లేచింది కానీ జబ్బ పోయింది. సంతలో వచ్చిన కాడికి అమ్మేశాం. ఒంటెద్దుతో ఎవుసం సాగక ఆ ఏడు భూమి కౌలుకిచ్చాం, నా పీయూసీ చదువు ఆగింది. మీ తాత సాగర్ ఎడమ కాలువ తవ్వకంలో మట్టి తట్టలు మోయడానికి పోయాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు ఊరంతా పండుగ చేసుకుంది. మీ తాత మాత్రం గట్టు మీద నిలబడి ఏమీ మాట్లాడలేదు.

బడికి రేకులు వచ్చాయి. రావిచెట్టు కింద ఊరిని కూర్చోబెట్టి లెక్క చదివారు. రేకులకింత, మేకులకింత, పందిరికింత, అతిథి భోజనానికింత. పైసాతో సహా సరిపోయింది. ఆ లెక్కలో మైలెద్దు లేదు. ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఆ బడిలో చదివి నీలాంటి వాళ్లు ఎంతమందో పైకొచ్చారు, దానికి నాకు సంతోషమే. కానీ దాని కప్పు కింద కూర్చున్న ప్రతి పిల్లవాడూ ఆ ఎద్దుకు బాకీ ఉన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

నా బెంగ ఇదే. నీకూ మీ తాతలాగే కాదనడం రాదు. మిర్యాలగూడలో మీ పెద్దనాన్న కొడుకు బరాత్ గుర్తుందా? పటాకులకు, డీజే చప్పుడుకు ఆ తెల్ల గుర్రం చెవులు వెనక్కి వాల్చి ఒళ్లంతా వణికింది. చూసినవాళ్లలో ఆ సంగతి పట్టింది నీ ఒక్కదానికే. పగ్గం పట్టుకుని చప్పుడు ఆపమని అడిగావు. ఆపలేదు. రెండోసారి గట్టిగా అడగలేక దాని మెడ నిమురుతూ ఊరేగింపు అయ్యేదాకా నడిచావు. ఇంటికొచ్చి ఏడ్చావు. అంత తెలిసినదానివి నీ శిబిరంలో అలాంటి గుర్రాన్నే మే నెల ఎండలో నిలబెడతావా?

ఈ కాలం తీరే నాకు మింగుడుపడడం లేదు. ఏ మంచి పనికైనా ముందు ఫ్లెక్సీ, తరువాత డీజే, ఆ తరువాత సెల్‌ఫోన్లు. వంద రూపాయల పండ్లు పంచడానికి పదిమంది చేతులు పెట్టి ఫొటో. తీసుకునే పిల్లవాడి ముఖం ఊరంతా తిరుగుతుంది. ఇదివరకు దానం చేసినవాడు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. నీ కాగితంలో భవిత పిల్లలను గుర్రాలెక్కించి ఫొటోలు తీయించాలని ఉంది. వాళ్ల తల్లులను అడిగావా? ఆ పిల్లలను అడిగావా?

ఆ పిల్లలు గుర్రమెక్కకూడదని కాదు. డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అనే ఆమె ఉండేది. పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. ఒకరు పట్టి ఎక్కిస్తే తప్ప గుర్రమెక్కలేకపోయేది. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగవాళ్లతో పోటీపడి రజతం గెలిచింది. స్వర్ణం వచ్చినతను ఆమెను చేయిపట్టి వేదిక ఎక్కించాడు. కాళ్లు చచ్చుబడ్డవాళ్లకు గుర్రపు స్వారీ వైద్యంలా పనిచేస్తుందన్న నమ్మకం దేశదేశాల్లో బలపడింది ఆమెను చూశాకనే. అయితే దానికి ఫిజియోథెరపిస్టు ఉండాలి, నెమ్మదైన గుర్రం ఉండాలి, ముగ్గురు మనుషులు అటూ ఇటూ నడవాలి, నెలల తరబడి ఓపిక ఉండాలి. ఒక పూట ఎక్కించి దింపితే అది వైద్యం కాదు, తమాషా.

దానం సంగతికొస్తే మన పాత నల్లగొండ జిల్లాకే ఒక గొప్ప రోజుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు వినోబా భావేను భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలిస్తానన్నారు. వినోబా భూదానం అక్కడ మొదలైంది. రామచంద్రారెడ్డి గారు ఇచ్చింది తన భూమి. పక్కవాడి భూమి చూపించి ఇస్తాననలేదు. నీ శిబిరంలో ఇచ్చేది ఎవరో ఒకసారి చూసుకో. నీ సెలవులు నీవి, వాటిని ఇవ్వు. ఫీజు ఇచ్చే తల్లిదండ్రుల డబ్బు వాళ్లది. గుర్రం తన ఒంట్లో సత్తువ ఇస్తున్నది, దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది కాదనలేదు కాబట్టి దాని తరఫున కాదనాల్సినదానివి నువ్వే.

2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు యాభైకి పైగా గుర్రాలను రోడ్డు మీద తరలిస్తే, పోయిన కొద్ది రోజులకే ఒకటి తరువాత ఒకటి చనిపోయాయి. సంగతి హైకోర్టు దాకా పోయింది. పేపర్లో చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కోదాడ నుంచి గరిడేపల్లి దూరం కాదంటావేమో. గుర్రం ఎంత దూరం వచ్చిందన్నది ఒక్కటే కాదు, ముందు రాత్రి అది ఎక్కడ నిలబడిందో అడుగు. మే నెల పెళ్లిళ్ల కాలం. బరాత్ ముగించి అర్ధరాత్రి దాటాక కట్టుకొయ్యకు చేరిన గుర్రాన్నే తెల్లవారి నీ దగ్గరికి తోలుకొస్తారు. నలభై మందిని నాలుగు గుర్రాలకు పంచితే ఒక్కోదానికి పదిమంది. మనిషికి అరగంట చొప్పున అయిదు గంటలు. పొద్దున ఆరుకు మొదలుపెట్టినా పదకొండు అవుతుంది. నీ అతిథి వచ్చేది ఆ తరువాతే.

ఇక చేయాల్సింది చెబుతాను, రాసిపెట్టుకో.

మే వద్దు. సంక్రాంతి సెలవుల్లో పెట్టుకో. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆ తరువాత జీను దించెయ్. పిల్లలను ఇరవైకి తగ్గించు. 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది: ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి లాగే, బరువు మోసే పశువుల చేత పని చేయించరాదు. పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి బరువు వేయరాదు. ముళ్లున్న కళ్లెం పనికిరాదు. స్వారీకి కూడా అదే బరువు హద్దు అనుకో. లావుపాటి నాయకుడెవరైనా ఎక్కి ఫొటో దిగుతానంటే కుదరదని చెప్పు. చెప్పలేకపోతే నన్ను పిలువు, నేను చెబుతాను.

గుర్రాలు దిగకముందే పశువైద్యుడికి చూపించు. గ్లాండర్స్ పరీక్ష కాగితం లేని గుర్రాన్ని ఊళ్లోకి రానివ్వకు. నెత్తురు తీసి పంపితే హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్ష చేస్తారు. ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది, వచ్చిన గుర్రానికి వైద్యం లేదు, చట్టప్రకారం చంపేయాల్సిందే. గుర్రపు లద్దిలో ధనుర్వాతం క్రిములుంటాయి, పిల్లలందరికీ దాని టీకా పడిందా లేదా చూసుకో. నెత్తిన హెల్మెట్ లేకుండా ఒక్కరినీ ఎక్కించకు. చెప్పులతో వచ్చినవాళ్లను వెనక్కి పంపు. మడమ ఉన్న బూటుంటేనే పాదం రికాబులో ఇరుక్కోకుండా ఉంటుంది. పడినా గుర్రం ఈడ్చుకుపోదు.

కోసిన వరి మడి చదునుగా ఉందని అక్కడ పెట్టేవు. కొయ్యకాళ్లు డెక్కలో గుచ్చుకుంటాయి, కోత మిషన్ చక్రాల గాడుల్లో కాలు విరుగుతుంది. సిమెంటు రోడ్డు అసలే వద్దు. ఊళ్లో వాళ్లు ప్రేమకొద్దీ అన్నం, అరటిపండ్లు, లడ్డూలు పెట్టబోతారు, చేతులెత్తి దండం పెట్టి ఆపు. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు. తిన్నది కడుపులో బిగిసి శూల వచ్చిందంటే ప్రాణం మీదికొస్తుంది. నానబెట్టిన ఉలవలు, పచ్చగడ్డి, తొట్టినిండా నీళ్లు చాలు. మన దగ్గర ఇప్పుడు ఉలవలు వేసేవాళ్లు లేరు, ముందే కొని ఉంచు.

డబ్బు నీ సొంత ఖాతాలో పడనివ్వకు. ఇద్దరి సంతకాలుండే ఖాతా తెరువు, ప్రతి రూపాయికీ రసీదు రాయి. స్వారీ నేర్పినందుకు ఇచ్చేది ఫీజు, చందా వేరు, రెండూ కలపకు. ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరికీ మాటివ్వకు. అది అందుకు ఆమోదం పొందిన ట్రస్టుకు ఇస్తేనే, అందులోనూ నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు. ఖర్చు రాసేటప్పుడు మొదటి పంక్తిలో గుర్రాల దాణా, వైద్యం, నాడాలు, గుర్రాలతో వచ్చే మనిషి కూలి రాయి. వాటి విశ్రాంతి రోజుల కిరాయి కూడా రాయి. అన్నీ పోగా మిగిలింది భవిత పిల్లలది. ఏమీ మిగలదని తేలితే శిబిరం మానేసి, చుట్టాలమందరం తలా కొంత వేసుకుని పరికరాలు కొనిద్దాం. నా పింఛను నుంచి నేనిచ్చేది ఇస్తాను. లెక్క మాత్రం పంచాయతీ గోడకు అతికించు.

ముఖ్య అతిథి వాక్యం కొట్టేసి కాగితం మళ్లీ అచ్చు వేయించు. పిలవాలనుకుంటే భవిత కేంద్రంలో పిల్లలకు చెప్పే టీచరమ్మను పిలువు. పిల్లలొచ్చే వేళకే రమ్మను.

సంక్రాంతికైతే మన చెలక దున్నించి, రాళ్లేరించి, ఇసుక పోయించి ఉంచుతాను. చెట్ల కింద గుర్రాలకు కట్టుకొయ్యలు పాతిస్తాను. మే నెలలోనే చేస్తానంటే చెలక ఇవ్వను. ఏ సంగతో ఈ నెలాఖరులోగా రాయి.

ఇట్లు,
మీ చిన్నతాత,
గరిడేపల్లి